రెండు ఫర్లాంగులు

కుళ్ళాయప్ప బండి కొన్యాడు.
యాడికిలో పాలీషు ఫ్యాక్టరీ వెనక
కంపచెట్లలో నాలుగేండ్లు ఒరిగి నిలబడిన
ఫోర్ నాట్ సెవెన్.
ముప్పై ఎనిమిది వేలు.
పుస్తకంలో మొదటి లెక్క నేనే రాసినా.

పద్దెనిమిదేండ్లు నాపరాళ్లు మోసింది అది.
వెనక పట్టీలు తలకిందులుగా వంగిపోయినాయి.
"ఇంగ నువ్వు ఏమీ మోయొద్దులే" అని
రాత్రిపూట దాని బానెట్టు మీద చెయ్యేసి
చెప్తాండాడు నా మొగుడు.
ఎవరూ ఇనలేదనుకున్యాడు.

పీకే పని మొదలైంది.
తొట్టి, క్లీనరు సీటు, కిటికీ అద్దాలు,
హారన్ కొట్టమని రాసిన రేకు.
ప్రతి ఆదివారం కాటా మీదికి తోల్తాం.
చీటీ రాసే సుంకన్న దుడ్లు అడగడు.
"బరువు దిగితే ఇంత సంబరపడేటోళ్లను
నా సర్వీసులో చూల్యా" అంటాడు.
రెండువేల మూడొందలు.
పందొమ్మిదొందల ఎనభై.
పదహారొందల యాభై.
ఆడ మొండికేసింది.

మా చేన్లో మూడో బోరు
ఐదొందల అడుగులు దిగి దుమ్మూదింది.
మోటరు దింపనీకని తెచ్చిన పైపులు
ఆరేండ్లుగా గోడకానుకోని ఉన్నాయి, ఒక్కసారీ తడవకుండా.
అవే కోసి, వంచి, వెల్డింగు పెట్టి
డ్రైవరు చుట్టూ బోను కట్టినాడు ఫక్రుద్దీన్.
"పల్టీ కొడితే ఇదే కాపాడాల వదినా."
నీళ్లియ్యనిది పానమిస్తాదా అని
అడగబోయి గమ్మునున్యా.
రాసినా: పైపులు, సున్నా.
బోరు అప్పు వేరే పుస్తకంలో ఉంది.

టర్బో గుంతకల్లు పాత సామాన్ల బజార్లో దొరికింది,
యాడనో పడిపోయిన లారీది.
నాలుగువేల రెండొందలు, సగం ఇప్పుడు, సగం కాయలమ్మినాక.
క్రౌను పండ్లు కలిపి అతికేసినాడు ఫక్రుద్దీన్,
ఇంగ రెండు చక్రాలదీ ఒకటే మాట.
ఇంజను లేచిన రాత్రి
పక్కింటి హంపమ్మ బర్రె బెదిరి
మూడు పూటలు చేపలేదు.
పాలకని మూడొందలు. అదీ రాసినా.

తోలేదెవరు?
మనుషుల్ని తూయనీకి లారీల కాటా పనికిరాదని
మండీకి పోయి బస్తాల కాటా ఎక్కినాం.
కుళ్ళాయప్ప తొంభై నాలుగు.
ఫక్రుద్దీన్ ఎనభై ఒకటి.
ఇద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూసుకున్యారు.
తర్వాత నా వైపు తిరిగినారు.
చేతిలో పుస్తకంతో సహా
నేను నలభై ఏడు.
"మే వన్నూరమ్మా" అన్యాడు నా మొగుడు,
పెండ్లిచూపుల్లో కూడా అంత మెల్లగా పిలవలేదు.

కొత్తరోడ్డు పని ఆగిపోయిన చోట
రెండు ఫర్లాంగులు అడుగులతో కొల్చి
సున్నం గీతలు గీసినారు.
పక్కన తాడిపత్రి బొలేరో, వానికి మీసాలు కూడా కొత్తవే.

తువ్వాలు దిగింది.
ఒకటో గేరు అరిచింది. రెండు.
మూడోది ఇరుక్కుంటే మోకాలుతో నెట్టినా.
బోను పైపుల్లో గాలి దూరి
సన్నగా ఊళ పెట్టింది.
ఉత్త బోరులో రాయేసి
చెవి పెట్టి ఇన్న శబ్దం అది, నాకు తెలుసు.
ఇంత బిన్నా నేను ఎప్పుడూ యాడికీ పోలేదు.

రెండో గీత దాటినాక ఆగాల కదా.
బ్రేకులు ఉన్నాయి, నమ్మకమే చాలదు.
అందుకే వెనక కట్టింది
శెనక్కాయలు ఆరబోసే పట్ట.
తాడు లాగినా.
పట్ట ఒక్కసారి రొమ్ము విరిచి నిలబడింది.
మడతల్లోని ఎర్రమన్ను పైకి లేచి,
పోయినేటి కాయలు నాలుగో ఐదో
టపటపా రోడ్డు మీద రాలినాయి.

బండి ఆగినాక దిగి
ముందు అవే ఏరుకున్యా.
ఒకటి ఒలిస్తే రెండు పప్పులు, బాగానే ఉన్నాయి.
దూరంగా కుళ్ళాయప్ప
తొంభై నాలుగు కిలోలతో
చేతులూపుకుంటా పరిగెత్తి వస్తాండాడు,
గెలిచినామో లేదో
ఈడికి ఇనపడల్యా.